తోటకూరా, పాలకూరా? రక్తం తక్కువైనవాళ్ళకు ఏది మేలు?

సుజాత_కె
మా ఇంట్లో ఆకుకూరల పంచాయితీ నడుస్తోంది, తీర్పు చెప్పేవాళ్ళు కావాలి. మా చెల్లెలికి ఐదో నెల. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. డాక్టరు గారు మాత్రలు రాసి, ఆకుకూరలు బాగా తినమన్నారు. అంతే, అప్పటి నుంచి అమ్మ తోటకూర తప్ప మరొకటి పొయ్యి మీద పెట్టడం లేదు. ఒకరోజు పులుసు, ఒకరోజు వేపుడు, ఒకరోజు పప్పు. చెల్లెలి భర్తేమో పొద్దున్నే పచ్చి పాలకూర మిక్సీలో తిప్పి గ్లాసుడు రసం చేతిలో పెడుతున్నాడు. ఇనుము కావాలంటే పాలకూరేనని ఫోనులో ఏవో బొమ్మలు చూపిస్తాడు. "అది నీళ్ళ కూర, దానిలో ఏముంది నాయనా" అని అమ్మ. ఇద్దరి మధ్య చెల్లెలు వాడిపోయిన తోటకూర కాడలా తయారైంది. అసలు ఏది బలం? అభిప్రాయాలు మా ఇంట్లోనే దండిగా ఉన్నాయి కాబట్టి అంకెలు తెలిసినవాళ్ళు చెప్పండి.

బామ్మమాట
తోటకూర. దీనికి పంచాయితీ కూడానా.

వంటింటి_వకీలు
బామ్మగారూ, సాక్ష్యం లేని వాంగ్మూలం చెల్లదు. పాలకూర తరఫున వకాలతు నేను పుచ్చుకుంటున్నాను. అయిదు నిమిషాల్లో ఉడుకుతుంది. పీచు తీసే బాధ లేదు. పప్పులో వేసినా, పకోడీ వేసినా పిల్లలు మాట్లాడకుండా తింటారు. తోటకూర కాడలు మా ఇంట్లో కంచం అంచునే మిగిలిపోతాయి. కంచంలో మిగిలిన ఇనుము ఎవరి రక్తంలోకి వెళుతుంది?

పెరటిమొక్క
కాడలు మిగిలిపోతున్నాయంటే పీచు తీయడం లేదన్నమాట. కాడ మొదలు దగ్గర గోటితో కొద్దిగా విరిచి, పూర్తిగా తెంపకుండా కిందికి లాగితే పీచు దారంలా వచ్చేస్తుంది. అలా నాలుగు వైపులా లాగి వేలెడంత ముక్కలు చేసి పులుసులో వేస్తే, ఆకు కన్నా కాడకే గిరాకీ.

అంకెల_అప్పారావు
సుజాత గారు అంకెలు అడిగారు కాబట్టి వచ్చాను. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్ళు 2017లో భారతీయ ఆహార పదార్థాల పోషక పట్టికలు విడుదల చేశారు. అందులో వంద గ్రాముల పచ్చి ఆకుకు లెక్క ఇలా ఉంటుంది. కాల్షియం తోటకూరలో 330 మిల్లీగ్రాములు, పాలకూరలో 82. ఇనుము తోటకూరలో 4.6, పాలకూరలో సుమారు 3. విటమిన్ సి తోటకూరలో 83, పాలకూరలో 30. మాంసకృత్తులు 3.3 గ్రాములు, 2.1 గ్రాములు. ఇంతవరకు అమ్మగారిదే పైచెయ్యి. అయితే ఫోలేట్ అనే బి విటమిన్‌లో తిరగబడుతుంది. పాలకూరలో 142 మైక్రోగ్రాములు, తోటకూరలో 70. గర్భిణికి ఫోలేట్ చిన్న విషయం కాదు, కాబట్టి అల్లుడి మాట పూర్తిగా కొట్టిపారేయలేము.

బామ్మమాట
నేను చెప్పలేదూ.

వంటింటి_వకీలు
ఫోలేట్ సంగతి వినిపించనట్టు ఊరుకున్నారు బామ్మగారు. రికార్డు చేయండి.

డల్లాస్_దక్షిణామూర్తి
అప్పారావు గారూ, ఇక్కడ అమెరికా ప్రభుత్వ వ్యవసాయ శాఖ పట్టికలో వేరేగా ఉంది. వంద గ్రాముల పచ్చి ఆకుకు పాలకూరలో ఇనుము 2.7, తోటకూరలో 2.3. అంటే పాలకూరే కొంచెం ఎక్కువ. కాల్షియం తోటకూరలో 215, పాలకూరలో 99. మీరు చెప్పిన 330, 82లకు దీనికి ఎక్కడా పొంతన లేదు. ఏది నమ్మాలి?

పాతపుస్తకాలసంచి
ఇద్దరూ ఆగండి. మా నాన్నగారి బీరువాలో పాత పోషకాహార పుస్తకం ఉంది. అందులో లేత తోటకూరలో ఇనుము 25.5 మిల్లీగ్రాములు! పాలకూరలో 10.9. మీ అంకెలన్నీ దీని ముందు దిగదుడుపే. ఈ మధ్య కాలంలో నేల సారం పోయి ఆకుల్లో ఇనుము అడుగంటిందని నా అనుమానం. రసాయన ఎరువుల పుణ్యం.

అంకెల_అప్పారావు
పాతపుస్తకాలసంచి గారూ, ఆ 25.5కు ఒక కథ ఉంది. మీ పుస్తకం కూడా ఆ పోషకాహార సంస్థదే, దాని తర్వాతి ముద్రణల్లో లేత తోటకూర ఇనుమును 3.49గా, పాలకూర ఇనుమును 1.14గా మార్చారు. నేల సారం ఏమైనా కావచ్చు, ఒకే పుస్తకం రెండు ముద్రణల మధ్య ఏడో వంతుకో పదో వంతుకో పడిపోదు. మారింది కొలిచిన తీరు. ఆకుకూర నేలకు ఆనుకొని పెరుగుతుంది. ఆకుకు అంటిన మట్టిలోనే బోలెడు ఇనుము ఉంటుంది. సరిగా కడగని ఆకును పరీక్షకు పెడితే మట్టి ఇనుము కూడా కూర ఖాతాలో పడుతుంది. పాత పద్ధతుల్లో ఇనుము లెక్క ఎక్కువగా రావడానికి ఇదొక దారి. అయినా ఆ పాత అంకెలు ఇప్పటికీ గోడపత్రికల్లో, ఫోను బొమ్మల్లో తిరుగుతూనే ఉన్నాయి. అల్లుడుగారి ఫోనులోవి కూడా ఆ కోవవే అయి ఉండవచ్చు.

డల్లాస్ గారికి: రెండు పట్టికలూ అబద్ధం కావు. రకం వేరు, నేల వేరు, ఆకు వయసు వేరు. పట్టికలో ఉన్నది సగటు, మీ చేతిలో ఉన్న కట్ట కాదు. నేను చూసేది ఒక్కటే, రెండు పట్టికల్లోనూ మొగ్గు ఒకవైపే ఉన్నవి ఏవి? మీ పట్టికలో కూడా కాల్షియం తోటకూరలోనే రెట్టింపు. విటమిన్ సి తోటకూరలో 43, పాలకూరలో 28. ఫోలేట్ తోటకూరలో 85, పాలకూరలో 194. అంటే కాల్షియం, సి తోటకూరవి, ఫోలేట్ పాలకూరది. అక్కడ సందేహం లేదు. ఇనుములో మాత్రం ఒక పట్టిక ఇటు, మరొకటి అటు. కాబట్టి నా లెక్కలో ఇనుము విషయంలో రెండూ సమానమే. మొత్తం గొడవ ఇనుము గురించే కాబట్టి ఇంట్లో ఎవరూ గెలవలేదు.

మజ్జిగపులుసు
ఇంత చదివాక తేలింది ఏమిటంటే ఏమీ తేలలేదని.

నల్లరేగడి
రైతును. రెండూ వేస్తాను. డల్లాస్ గారి పాలకూర, మా పాలకూర ఒకటి కాదు. ఇక్కడ మేము చల్లే ఆల్ గ్రీన్, పూసా జ్యోతి రకాలు బీట్‌రూట్ జాతివి. ఆకు మందంగా, పొడవుగా ఉంటుంది, కోసిన కొద్దీ మళ్ళీ చిగురిస్తుంది. అమెరికాలో సంచుల్లో అమ్మే చిన్న గుండ్రటి ఆకు వేరే మొక్క. కాబట్టి అక్కడి అంకెను ఇక్కడి కట్టకు అతికించకండి. ఇంకో తమాషా, తోటకూర, పాలకూర, బీట్‌రూట్ అన్నీ ఒకే కుటుంబం అంటారు వృక్షశాస్త్రం వాళ్ళు. అత్తా అల్లుళ్ళు దాయాదుల కోసం కొట్టుకుంటున్నారు.

ఒక్క మాట మాత్రం చెప్పగలను. ఎండాకాలం తోటకూర తినండి, చలికాలం పాలకూర తినండి. తోటకూరకు ఎండ అంటే పండగ, విత్తనం చల్లిన నెల లోపే పీకవచ్చు. పాలకూర ఎండలకు త్వరగా పూతకు వస్తుంది, ఆకు గిడసబారి రుచి మారుతుంది. బలవంతంగా పండిస్తే మందులు కొట్టాలి.

వంటింటి_వకీలు
దాయాదులా! ఇది సివిల్ కేసు అయిపోయింది. వకాలతు వెనక్కి తీసుకోనా?

గోదారి_గట్టు
ఎర్ర తోటకూర సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? ఉడికిస్తే నీళ్ళు ఎర్రగా వస్తాయి. రక్తానికి అదే మంచిదని మా ఊళ్ళో అందరూ అంటారు. బాలింతలకు కూడా అదే పెడతారు.

అంకెల_అప్పారావు
ఆ ఎరుపు ఇనుముది కాదండీ. బీట్‌రూట్‌లో ఉండే రంగు కుటుంబానికి చెందిన వర్ణకం. రంగును బట్టి ఇనుము లెక్కగడితే టమాటాకు పెద్దపీట వేయాలి. ఎర్ర తోటకూర మంచి కూరే, తినండి. కానీ రక్తం రంగులో ఉంది కాబట్టి రక్తం పడుతుందన్నది ఊహ మాత్రమే.

గోదారి_గట్టు
మా ఊరి మీద చన్నీళ్ళు పోశారు.

నిద్రలేని_నర్సు
రాత్రి డ్యూటీ ముగించుకుని చూస్తే ఇక్కడ పెద్ద జాతరే జరుగుతోంది. సుజాత గారూ, కూరల గొడవకు ముందు అసలు విషయం. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువైతే రక్తహీనత. 10 నుంచి 10.9 వరకు స్వల్పం, 7 నుంచి 9.9 వరకు మధ్యస్థం. మీ చెల్లెలిది 9.6, అంటే మధ్యస్థం. ఇది కూరతో తీరే లోటు కాదు.

లెక్క వేసి చూడండి. అప్పారావు గారి పెద్ద అంకెనే తీసుకుందాం, వంద గ్రాముల తోటకూరలో 4.6 మిల్లీగ్రాములు. ఆకుల్లోని ఇనుము మాంసంలో ఉన్నంత సులువుగా ఒంటబట్టదు. నూటికి అయిదు వంతులు ఒంటబట్టిందనుకున్నా పావు మిల్లీగ్రాము కూడా రాదు. కడుపుతో ఉన్న మనిషికి చివరి నెలల్లో రోజుకు అయిదారు మిల్లీగ్రాములు ఒంటబట్టాలి. అంత తోటకూర ఏ పశువూ తినదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే ఒక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కాబట్టి మొదట మాత్ర, ఆ తర్వాత కూర. మా వార్డులో నేను చూసేది దీనికి తలకిందులు. కూరల మీద, ఖర్జూరాల మీద, దానిమ్మ రసం మీద ప్రాణం పెడతారు. మాత్రలు మాత్రం దిండు కింద దొరుకుతాయి. అడిగితే వాంతి వస్తోంది, మలం నల్లగా వస్తోంది అంటారు. నలుపు భయపడవలసింది కాదు, మాత్ర వల్లే. వాంతి వస్తుంటే డాక్టరుకు చెబితే మాత్ర మారుస్తారు, వేళ మారుస్తారు. మానేయడం మాత్రం వద్దు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6. రెండు రాష్ట్రాల్లోనూ తోటకూరకు, పాలకూరకు కరువు లేదు మరి.

సుజాత_కె
నర్సు గారూ, మాత్రలు వేసుకుంటోంది. పాలతో వేసుకుంటోంది, కడుపులో మంట రాకుండా.

నిద్రలేని_నర్సు
పాలతో వద్దు! పాలలోని కాల్షియం ఇనుమును అడ్డుకుంటుంది. కాల్షియం మాత్ర కూడా రాసే ఉంటారు. ఆ రెండు మాత్రలూ ఒకే పూట వేసుకోకూడదు, ఒకటి పొద్దున అయితే ఇంకొకటి రాత్రి. ఇనుము మాత్ర నీళ్ళతోనో నిమ్మనీళ్ళతోనో వేసుకోవాలి. టీ, కాఫీ ముందూ వెనకా గంటన్నా దూరం ఉండాలి. కడుపులో మంట ఉంటే ఏమైనా తిన్నాక వేసుకోమనండి, పాలు మాత్రం తోడు వద్దు.

మజ్జిగపులుసు
అన్నం తినగానే టీ తాగే మా ఇంటిల్లిపాదికీ ఇది చదివి వినిపించాను. ఎవరూ కప్పు కింద పెట్టలేదు.

రాళ్ళసంచి
ఆ పచ్చి పాలకూర రసం ఎవరూ పట్టించుకోలేదేమిటి? నేను ఆ దారిన వెళ్ళి వచ్చినవాడిని. బరువు తగ్గుతానని రోజూ పొద్దున్నే పాలకూర రసం తాగేవాణ్ణి. ఒక రాత్రి నడుము నుంచి పొత్తికడుపు దాకా నొప్పి, మెలికలు తిరిగిపోయాను. స్కానింగులో మూత్రపిండంలో రాయి. కాల్షియం ఆక్సలేట్ రాయి అన్నారు, అంటే పాలకూరలో దండిగా ఉండే ఆక్సలేట్ అనే పదార్థం కాల్షియంతో కలిసి కట్టిన రాయి. డాక్టరు మొదట అడిగిన ప్రశ్న నీళ్ళు ఎన్ని తాగుతారని, రెండోది పాలకూర తింటారా అని. ఎప్పటి నుంచి తాగుతున్నావని మా ఆవిడ అడిగితే చెప్పాను. "తోటకూర నాడే చెప్పలేకపోయారా" అంది. పాలకూర నాడు అనాలి నిజానికి.

వంటింటి_వకీలు
కక్షిదారుకు వ్యతిరేకంగా ప్రత్యక్ష సాక్షి! ఒక్క ప్రశ్న. తోటకూరలో ఆక్సలేట్ లేదా?

అంకెల_అప్పారావు
ఉంది, అదీ దండిగానే. ఈ విషయంలో దాయాదులిద్దరిదీ ఒకే బుద్ధి. అందుకే కాల్షియం అంకె చూసి మురిసిపోవద్దంటాను. ఆక్సలేట్ కాల్షియంను పట్టేసుకుంటుంది, పేగు దాన్ని పీల్చుకోలేదు. పాలకూరలోని కాల్షియంలో నూటికి అయిదు వంతులే ఒంటబడుతుందని పరీక్షల్లో తేలింది, పాలలోది నూటికి ముప్పై దాకా. 82లో అయిదు శాతం అంటే నాలుగు మిల్లీగ్రాములు. గ్లాసుడు పాలలో 240 ఉంటే డెబ్బై చేతికొస్తుంది. తోటకూర 330 కూడా కాగితం మీది అంకే, అందులోనూ ఒంటబట్టేది కొంతే. ఎముకల కోసం ఆకుకూర తినేవాళ్ళు రాగులో, పెరుగో, మెంతికూరో చూసుకోవాలి. మెంతికూరలో ఆక్సలేట్ చాలా తక్కువ.

డల్లాస్_దక్షిణామూర్తి
మరి పాలకూర పనీరు? మా ఆవిడ వారానికి రెండుసార్లు చేస్తుంది. పనీరులో కాల్షియం, కూరలో ఇనుము, రెండూ దక్కుతాయని నా ధైర్యం.

అంకెల_అప్పారావు
రాళ్ళు పడే ఒళ్ళయితే మంచి జోడీ. పనీరులోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టుకుని బయటికి పంపిస్తుంది, మూత్రపిండం దాకా పోనివ్వదు. ఇనుము కోసమైతే అంత మంచిది కాదు, ఆ కాల్షియమే ఇనుముకు అడ్డు. రుచి కోసమైతే నన్ను అడగకండి, రెండు గరిటెలు నాకూ వేయండి.

రాళ్ళసంచి
ఇది నాకు డాక్టరు కూడా చెప్పారు. రాయి ఉందని పాలు, పెరుగు మానేయకూడదట. నేను మానేద్దామనే అనుకున్నాను. మా ఊళ్ళో సగం మంది మానేస్తారు.

పెరటిమొక్క
ఆక్సలేట్ పోవాలంటే ఉడికించి నీళ్ళు పారబోస్తే సరి. మా అత్తగారు ఎప్పుడూ అలాగే చేసేవారు. పాలకూర తింటే నాలుక గరుకుగా అవుతుంది చూడండి, నీళ్ళు వార్చేస్తే ఆ గరుకు ఉండదు.

నిద్రలేని_నర్సు
రాళ్ళున్నవాళ్ళకు సరే. కానీ నీళ్ళతో పాటు ఫోలేట్, విటమిన్ సి, పొటాషియం కూడా తూము పాలవుతాయి. ఫోలేట్ కోసమే పాలకూర పెట్టాలనుకుంటే ఆ నీళ్ళు పారబోయడం ఎందుకు? సుజాత గారి చెల్లెలికి రాళ్ళ చరిత్ర లేకపోతే కొద్ది నీళ్ళతో మగ్గించి తినడమే మంచిది. పచ్చి రసం మాత్రం మానిపించండి. రాళ్ళ మాట అటుంచి, ఆకు మీది మట్టి, క్రిములు గర్భిణి కడుపులోకి నేరుగా పోతాయి. ఉడికిన కూరకు ఆ భయం ఉండదు. ఆకును తరగక ముందే కడగాలి, తరిగాక కడిగితే మట్టితో పాటు సారమూ పోతుంది.

డయాలసిస్ మీద ఉన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు పొటాషియం దించడానికే నీళ్ళు వార్చమంటారు. ఎంత తినాలో వాళ్ళ డాక్టరునే అడగాలి.

నల్లరేగడి
కడగడం గురించి నర్సు గారు చెప్పింది బంగారం. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి కట్ట విప్పి ముంచి, ఆకును పైకి ఎత్తేయండి. నీళ్ళు ఒంపకూడదు. ఒంపితే అడుగున దిగిన ఇసుక మళ్ళీ ఆకు మీదికే వస్తుంది. మూడో నీళ్ళలో అడుగు కనబడితే చాలు. హైదరాబాదులో ఉన్నవాళ్ళు మూసీ ఒడ్డున మురుగునీటితో పెరిగే ఆకుకూర ఏదో కాస్త విచారించి కొనండి. ఎంత కడిగినా వేరు తాగిన నీరు బయటికి రాదు.

కుండలో_కందిపప్పు
నాన్నగారు గుండె ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు. ఆకుకూరలు పూర్తిగా మానేయమని పక్కింటివాళ్ళు అంటున్నారు. ఈ రెండింటిలో ఏది పెట్టవచ్చు?

నిద్రలేని_నర్సు
రెండింటిలోనూ విటమిన్ కె బాగా ఉంటుంది, తోటకూరలో మరీ ఎక్కువ. పూర్తిగా మానడం ముఖ్యం కాదు, రోజూ తినే కొలత మారకుండా ఉండటం ముఖ్యం. వారమంతా మానేసి ఆదివారం కట్టంతా వండుకుంటే రక్తపరీక్ష అంకె తారుమారవుతుంది. ఇప్పుడు తింటున్నది ఎంతో డాక్టరుకు చెప్పండి, దాన్ని బట్టే మందు మోతాదు సరిచేస్తారు. ఆ పక్కింటివాళ్ళను అడగకండి.

కుండలో_కందిపప్పు
చాలా మేలు చేశారు. పక్కింటివాళ్ళు డాక్టర్లే, పళ్ళ డాక్టర్లు.

మజ్జిగపులుసు
😀

పాతపుస్తకాలసంచి
ఆకుకూరల మీద ఇంత కొట్టుకోవడం ఎందుకు, మేక కాలేయం వండిపెడితే సరిపోదా? ఇనుము అంటే అదీ. మాంసంలోని ఇనుము ఒంటబడుతుందని నర్సు గారే అన్నారు.

నిద్రలేని_నర్సు
ఇనుము సంగతి నిజమే. కానీ కడుపుతో ఉన్నవాళ్ళకు కాలేయం తరచుగా పెట్టవద్దు. అందులో విటమిన్ ఎ నేరు రూపంలో, విపరీతంగా ఉంటుంది. మోతాదు మించితే బిడ్డకు హాని. ఆకుకూరల్లో ఉన్నది కెరోటిన్, శరీరం తనకు కావలసినంతే దాన్ని ఎ విటమిన్‌గా మార్చుకుంటుంది, భయం లేదు. మామూలు మాంసం, చేప, గుడ్డు తినే అలవాటు ఉంటే పెట్టండి. కూరతో పాటు చిన్న మాంసం ముక్క తిన్నా ఆ కూరలోని ఇనుము కూడా కాస్త ఎక్కువగా ఒంటబడుతుంది.

బామ్మమాట
మా కాలంలో ఇనుప మూకుడులోనే వండేవాళ్ళం. తోటకూర పులుసు అందులో పెడితే నల్లబడేది. ఆ నలుపే బలం అనేది మా అమ్మ. మీ నాన్‌స్టిక్ పెనాలు వచ్చాక పులుసు తెల్లగా, పిల్లలు ఇంకా తెల్లగా.

అంకెల_అప్పారావు
బామ్మగారి మాటకు ఈసారి పూర్తి మార్కులు. చింతపండు పులుపు తగిలితే ఇనుప మూకుడు నుంచి ఇనుము కూరలోకి దిగుతుంది. తోటకూరకు, పాలకూరకు మధ్య ఉన్న తేడా కన్నా మూకుడు వల్ల వచ్చే తేడా పెద్దది కావచ్చు. కూర చేసి అందులోనే రాత్రంతా ఉంచకండి, తుప్పు రుచి వస్తుంది.

బామ్మమాట
నేను చెప్పలేదూ.

సుజాత_కె
మూకుడు అటక మీద ఉంది, దింపిస్తాను. మరి నిమ్మకాయ సంగతి? నిమ్మరసం పిండితే ఇనుము ఒంటబడుతుందని విన్నాను. అమ్మ పోపులోనే పిండుతుంది.

పెరటిమొక్క
పోపులో వద్దు, వేడికి సి విటమిన్ కొంత చస్తుంది. పొయ్యి ఆపి, కూర కాస్త చల్లారాక పిండాలి. లేదా కంచంలో పిండుకోవాలి. ఆకు పచ్చగా ఉండాలని కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు, అది సి విటమిన్‌ను దెబ్బతీస్తుంది. పచ్చదనం కావాలంటే మూత తీసి వండండి చాలు.

నిద్రలేని_నర్సు
నిమ్మకాయ కన్నా చవక మార్గం జామకాయ. వంద గ్రాముల్లో రెండు వందల మిల్లీగ్రాములకు పైగా సి ఉంటుంది. భోజనంతో పాటు ఒక ముక్క తింటే కూరా పప్పూ అన్నింటిలోని ఇనుము కదులుతుంది. నూనె లేకుండా వండకండి, కెరోటిన్ ఒంటబట్టాలంటే చెంచాడు నూనె కావాలి.

వంటింటి_వకీలు
సరే, రాజీ పత్రం రాస్తున్నాను. సోమ, బుధ, శుక్ర తోటకూర, మంగళ, గురు పాలకూర, శనివారం మెంతికూర. ఆదివారం డల్లాస్ గారింట్లో పనీరు. సుజాత గారి అమ్మగారు, అల్లుడుగారు సంతకాలు పెట్టాలి.

సుజాత_కె
అల్లుడు సంతకం పెట్టేశాడు, రసం మానేస్తానన్నాడు. అమ్మ మాత్రం పాలకూర రోజున కూడా పప్పులో నాలుగు తోటకూర ఆకులు వేస్తానంటోంది. చెల్లెలు జామకాయ ఒక్కటే చాలంటోంది.

గోదారి_గట్టు
మొత్తం చదివాక ఒక సందేహం. ఉత్తరాదివాళ్ళు ఉపవాసాలకు రాజ్‌గిరా లడ్డూలు చేస్తారు, అవి తోటకూర గింజలే అంటారు. గింజల్లో ఇనుము ఆకు కన్నా ఎక్కువట. పెరట్లో ముదిరిపోయిన తోటకూర ఉంది, ఆ గింజలు దులిపి లడ్డూ చేయవచ్చా?

అంకెల_అప్పారావు
రాజ్‌గిరాలో వంద గ్రాములకు ఇనుము ఏడున్నర మిల్లీగ్రాములు, మాంసకృత్తులు పదమూడు గ్రాములకు పైన. కానీ అది ఎండు గింజ, ఆకు తొంభై వంతులు నీరు. ఎండు గింజనూ పచ్చి ఆకునూ గ్రాముకు గ్రాము పోల్చడం సరికాదు.

నల్లరేగడి
లడ్డూ చేయాలంటే ఎకరం ముదరబెట్టాలి. గింజ కోసం పెంచే జాతులు వేరు, వాటి కంకి మోచేయి పొడవు ఉంటుంది, గింజ తెల్లగా ఉంటుంది. కూర తోటకూర గింజ నల్లగా, ఆవగింజ కన్నా చిన్నగా ఉంటుంది. మీ పెరట్లోవి దులిపి విత్తనానికి ఉంచుకోండి. కంకి ఎండి గోధుమరంగుకు వచ్చాక కోసి, కాగితం మీద తలకిందులుగా వేలాడదీస్తే వాటంతటవే రాలతాయి. తొలకరికి ఇసుకలో కలిపి పలచగా చల్లండి. ఇసుక కలపకపోతే అన్నీ ఒకేచోట గుత్తిగా మొలుస్తాయి.

గోదారి_గట్టు
ఎంత ఇసుక కలపాలి?

నల్లరేగడి
గుప్పెడు విత్తనానికి పది గుప్పెళ్ళు.